జాతరకు బండి కడితే అంచుకేం కట్టేటోళ్లు?



ఇప్పుడు జాతరకు పోవాలంటే "అక్కడ తినడానికి ఏం దొరుకుతది?" అని అడుగుతున్నం. మన తాతలు బండి కట్టేముందు అడిగిన మాటలు వేరే. ఎన్ని పొద్దులు పడుతది? నీళ్లు యాడ దొరుకుతయి? రొట్టెలకు అంచుకేం కడదాం? ఈ మూడో మాటలనే మన చేన్ల చరిత్ర ఉంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల చరిత్ర తీస్తే కోటలు, గుళ్లు, శిస్తులు కనపడుతయి. రైతు సద్దిమూట కనపడదు. అందుకే ఈ పోస్టు.

రొట్టెతోని తిప్పలు లేదు. పల్చగ కొట్టి, నిప్పుల మీద గట్టిగ కాలిస్తే జొన్నరొట్టె మూడు నాలుగు రోజులైనా చెడదు. కష్టమంతా అంచుకు పెట్టుకునేదాంతోనే. తడిది పులుస్తది, నూనె ఎక్కువైతే మూటంతా కారుతది. అందుకే ఆడోళ్లు వరుస పెట్టి కట్టేటోళ్లు. మొదటి పూటకు పప్పో కూరో, రెండో రోజుకు తొక్కు, ఆ తర్వాత పొడి. ఉల్లిగడ్డలు మాత్రం పచ్చివే బండ్ల వేసుకునుడు, తినేముందు పిడికిలితోని గుద్ది పలగ్గొట్టుడు.

ఏ జాతరకు ఏం కట్టాలన్నది ఆ నెలల చేన్ల ఏముందో దాన్నిబట్టే ఉండేది. మన దిక్కు మూడు జాతరలు చూడండి.

కార్తీకంల కురుమూర్తి. గుడి మహబూబ్‌నగర్ జిల్లాల ఉన్నా స్వామి ఆభరణాలు మన వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచే పోతయి. అప్పటికి వానకాలం పంట ఇంటికొచ్చి ఉంటది. కొత్త పల్లీలు, పెసర్లు, అలసందలు. అందుకే గుడాలు ఉడకబెట్టుకునేటోళ్లు, పల్లీల పొడి కొట్టేటోళ్లు, చేన్ల పుంటికూర తెంపి తొక్కు నూరేటోళ్లు. కొండ కింద కొత్త కుండల దాసంగం వండితే ఆ అన్నంలకు పచ్చిపులుసు. దానికి పొయ్యి కూడ అక్కరలేదు, చింతపండు, ఉల్లిగడ్డ, కారం, నీళ్లుంటే చాలు.

మార్గశిరంల మల్దకల్ తిమ్మప్ప. చలికాలం కాబట్టి తడికూర కూడ ఒకరోజు నిలుస్తది. చేన్ల పచ్చి కందికాయలు, అనపకాయలు ఉంటయి, ఉప్పేసి ఉడకబెట్టి బండిమీద కూసోని ఒలుచుకుంటనే పోవచ్చు. చెట్ల మీద పచ్చి చింతకాయ ముదురుతుంటది, కొత్త తొక్కు అప్పుడే మొదలు.

చైత్ర పౌర్ణమికి నల్లమలల సలేశ్వరం. ఇక్కడ లెక్కంతా మారుతది. ఎండ మండుతది, ఆఖరికి బండి కూడ పోదు, లోయలకు నడిచి దిగాలె. పెరుగు కలిపిన సద్ది మధ్యాహ్నానికే పులుస్తది. చింతపండు పులిహోర, నువ్వుల పొడి, పాత చింతకాయ తొక్కు, ఇవే నిలిచేటివి. మోసే బరువు తక్కువ, తిన్నంక బలం ఎక్కువ.

ఇప్పుడొక మాట. మనం "మన పాత తిండి" అనేదాంట్ల అన్నీ ఒక్కకాలంవి కావు. జొన్న ఆఫ్రికాల పుట్టి వేల ఏండ్ల కిందనే మనదైంది. కంది, నువ్వు ఈ దేశంవే. మిరపకాయ మాత్రం అమెరికా ఖండం పంట, 1498ల వాస్కోడగామా దారి చూపినంక పోర్చుగీసోళ్లతోని వచ్చింది. అంతకుముందు ఘాటు కావాలంటే మిరియాలే, మిరప అన్న పేరుల మిరియం వినపడుతనే ఉంది. పల్లీ కూడ దక్షిణ అమెరికాదే. మన దిక్కు పెద్ద పంటగ నిలిచింది ఇరవయ్యో శతాబ్దంలనే. దానికంటె ముందు పొడి అంటే నువ్వులు, అవిసెలు, కుసుమలు. తుంగభద్ర, కృష్ణ నడుమ ఉన్న మన నడిగడ్డకు పక్కనే రాయచూరు, అక్కడ ఇప్పటికీ గురెళ్ల పొడి రొట్టెకు అంచుకు పెడుతరు.

అంటే మన పెద్దలు కొత్తదాన్ని కాదనలే. మిరప వస్తే తీసుకున్నరు, పల్లీ వస్తే తీసుకున్నరు. గని పాతదాన్ని కూడ చేన్లనే ఉంచుకున్నరు. కొన్ని సాళ్ల జొన్నకు ఒక సాలు కంది, నడుమ అలసంద, పుంటికూర. పశువులు రాకుండ చుట్టూ ముండ్ల కుసుమ. రొట్టె, రొట్టెకు అంచు, రెండూ ఒక్క చేన్లనే పండేటివి.

ఈ మూట జాతరకే పోలేదు. కరువొచ్చినప్పుడు కట్టల పనులకు, బొంబాయికి వలసపోయినోళ్లతోని కూడ పోయింది. పండుగనాడు సంబరంగ విప్పిన పల్లీల పొడే పరాయి ఊర్ల ఆకలికి ఆసరైంది.

మరి ఎప్పుడు మారింది? 1981ల జూరాలకు పునాది పడ్డది. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 2002ల బీటీ పత్తికి అనుమతి వచ్చింది, నడిగడ్డ విత్తనపత్తికి పేరుబడ్డది. నీళ్లు రావద్దని ఎవరంటరు? నీళ్ల కోసం మనం ఎంత ఎదురుచూసినమో మనకే ఎరుక. అన్నం దొరికింది, వలస తగ్గింది. గని చేనంతా ఒక్క పంటైనంక అంచుకు పెట్టుకునేది కొనుక్కునుడే అయింది. చేను మనదే, కందిపప్పు దుకాణంది. ట్రాక్టరు మనదే, డబ్బలోని కూర హోటలోనిది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. పట్నంల జొన్నరొట్టెకు గిరాకి పెరిగింది. రొట్టె తిరిగొస్తే సగమే వచ్చినట్టు, అంచు కూడ రావాలె.

అందుకే ఈసారి జాతర లెక్క జాతరనాడు కాదు, విత్తనం నాడే వేయండి. పత్తి వేసినా, వరి వేసినా ఒడ్డు మీద నాలుగు కంది మొక్కలు, ఒక మూలకు పుంటికూర, మెట్టల రెండు సాళ్ల నువ్వులు, ఒక సాలు అలసంద. ఎకరం అక్కరలేదు. విత్తనం ఇంట్ల లేకుంటే ఊర్ల ముసలమ్మలను అడగండి, ఎవరింట్లనో ఒకరింట్ల గుడ్డమూటల ఉండే ఉంటది. వాళ్లున్నప్పుడే తొక్కు నూరే లెక్క కూడ నేర్చుకోండి, అది ఏ పుస్తకంలనూ దొరకదు.

మీ ఊరి బండ్లల్ల అంచుకేం కట్టేటోళ్లో, ఏ జాతరకు ఏ తొక్కో, ఇంట్ల పెద్దోళ్లను అడిగి కింద రాయండి. మల్దకల్‌ల ఒకటుంటది, కొల్లాపూర్ల ఇంకొకటుంటది. అన్నీ ఒక్కతాన చేరితే మన చరిత్ర మనం రాసుకున్నట్టే.