నగిషీ లేని పార్కర్ షాట్‌గన్‌లు

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం మెరిడెన్ పట్టణంలో పార్కర్ బ్రదర్స్ సంస్థ తయారుచేసిన జోడు గొట్టాల తుపాకుల్లో లోహంపై చెక్కడం పని లేనివే నగిషీ లేని పార్కర్ షాట్‌గన్‌లు. కాఫీ మరలు చేసి వ్యాపారం పెంచుకున్న చార్లెస్ పార్కర్, అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి రైఫిళ్లు అందించి, 1860ల చివర్లో షాట్‌గన్‌లవైపు మళ్లాడు.

పార్కర్ తుపాకుల్లో నగిషీ అలంకారం మాత్రమే కాదు, అంతస్తు కూడా. వీహెచ్, జీహెచ్, డీహెచ్ అంటూ గ్రేడు పెరిగేకొద్దీ చెక్కడం దట్టమయ్యేది, ధరా పెరిగేది. ఈ వరుసకు అడుగున 1912లో ట్రోజన్ వచ్చింది. అది సాదా తుపాకీ. కేటలాగులో 12, 16, 20 గేజుల్లోనే ఉండేది. అందుకే నునుపైన ఫ్రేము కనిపించగానే ట్రోజన్ అనేస్తారు. తొందరపాటే! కొనేవారు కోరి చెక్కడం వద్దన్నదీ కావచ్చు, పాత తుపాకీని మెరుగుపెట్టినప్పుడు నగిషీ అరిగిపోయినదీ కావచ్చు.

అసలు సంగతి గొట్టాలు విప్పితే తెలుస్తుంది. ఫ్రేము చదునైన పైతలం మీద సీరియల్ నంబరు, గ్రేడు గుర్తు ఉంటాయి. గొట్టాల కింది కొక్కెం మీద ఫ్రేము సైజు అంకె కనిపిస్తుంది. గొట్టాల నడుమ పట్టీ మీద ఉక్కు పేరు ముద్రించేవారు: ట్రోజన్‌కు ట్రోజన్ స్టీల్, వీహెచ్‌కు వల్కన్ స్టీల్, డీహెచ్‌కు టైటానిక్ స్టీల్. ఫ్రేము, గొట్టాలు, ముందు చెక్కలోని ఇనుప భాగం, ట్రిగ్గర్ గార్డుల మీది నంబర్లు కలవకపోతే భాగాలు మారాయని అనుమానించాలి.

బ్రిటిష్ తుపాకీ అయితే ఇంత శ్రమ ఉండదు. అక్కడ ప్రభుత్వ చట్టం కింద పరీక్ష తప్పనిసరి. 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు కాలానుగుణంగా మారాయి కాబట్టి ముద్రను బట్టే కాలం చెప్పొచ్చు. అమెరికాలో అలాంటి చట్టం లేదు. అందువల్ల మెరిడెన్ కర్మాగారపు ఆర్డరు పుస్తకాలు, స్టాకు పుస్తకాలే దిక్కు. గ్రేడు, గేజు, గొట్టాల పొడవు, వెనుక చెక్క కొలతలు, ఎవరికి పంపారన్నది, కొన్నిసార్లు మరమ్మతుకు తిరిగొచ్చిన వివరమూ వాటిలో ఉంటాయి. అన్ని పుస్తకాలూ మిగల్లేదు. మిగిలిన వాటి ఆధారంగా పార్కర్ గన్ కలెక్టర్స్ అసోసియేషన్ సీరియల్ నంబరు చూసి పరిశోధన లేఖలిస్తుంది. సాదాగా అమ్మిన తుపాకీకి తర్వాత నగిషీ చెక్కించి పెద్ద గ్రేడుగా చూపే మోసం కూడా ఈ లేఖతోనే బయటపడుతుంది. ఆ లెక్కన సాదా తుపాకీయే కొంత నమ్మదగినది.

రెమింగ్టన్ సంస్థ 1934లో పార్కర్‌ను కొని, తర్వాత తయారీని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు మార్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో ఉత్పత్తి ఆగిపోయింది. 1980లలో జపాన్‌లో తయారైన పార్కర్ నకళ్ల నంబర్లు మెరిడెన్ పుస్తకాల్లో దొరకవు.