నాలుగు లక్షల జపము – రక్షణ నిశ్చయత

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతాల క్రైస్తవ కూటములలో ఒక ప్రశ్న అడుగుతారు: "నీకు రక్షణ నిశ్చయత ఉన్నదా?" నలువది ఏండ్లుగా ఆదివారము తప్పక గుడికి పోవు వృద్ధులకును ఈ ప్రశ్న తప్పదు. (నిశ్చయము అంటే చాలును, దానికి మరల 'త' తగిలించుట వ్యాకరణమునకు నచ్చదు. కాని వాడుక స్థిరపడినది, నేనును ఆ మాటనే వాడుతున్నాను.) ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. తెలుగువారిలో ఆనందరాయరు అను ఒక బ్రాహ్మణుడు రెండు వందల ఏండ్లకు పూర్వమే దీనితో పెనుగులాడినాడు.

ఆనాడు మన సీమ మైసూరు ఏలుబడిలో ఉండేది. టిప్పు సుల్తాను ఓటమి, మరణముల వలన 1792, 1799 సంవత్సరాలలో ఈ సీమ నిజాము పాలై, 1800లో కుంఫిణీ వారికి దత్తమైనది. అందుకే దత్తమండలము అన్నారు. ఆనందరాయరు టిప్పు సైన్యములో ఒక పటాలమునకు లెక్కలు వ్రాసినవాడు. టిప్పు పోయిన తరువాత ఒక ఆంగ్ల అధికారి వద్ద అదే ఉద్యోగము చేసినాడు. ఆంగ్ల లేఖలో ఆయన ఊరు 'నోసం' అని ఉన్నది. అది కర్నూలు సీమలోని నొస్సమే అని నా తలంపు.

ఆయనకు నిత్యసుఖము కావలెనని ఆరాటము. ఒక పెద్ద బ్రాహ్మణుడు ఒక మంత్రమును నాలుగు లక్షల సార్లు జపింపుమన్నాడు. ఆనందరాయరు గుడిలో కూర్చుండి, ఇతర వ్రతములతో సహా ఆ జపము సాగించినాడు. ఎక్కడైనా తప్పిపోవునేమో అని చెప్పిన సంఖ్యకు మించియే చేసినాడు. లెక్కలవాడు కదా! ఆరు నెలలలో నాలుగు లక్షలంటే దినమునకు రెండు వేల రెండు వందల పైమాట. ఒక్కొక్క జపమునకు పది సెకనులు పట్టినదనుకొన్నా దినమునకు ఆరు గంటలు. ఇంత చేసియు మనసుకు నెమ్మది దొరకలేదని, పూర్వము వలెనే బ్రతుకుదమని ఇంటి దారి పట్టినాడని ఆ కథనము చెప్పుచున్నది.

ఇది విశాఖపట్టణపు మిషనరీ దేగ్రాంజి తన దేశీయుల కొరకు వ్రాసిన వృత్తాంతము. జపమును తేలిక చేయవలెనను కోరిక ఆ కలములో ఉండవచ్చును. అయినను సంఖ్య మీద సందేహము మనకు పరాయిది కాదు. కదిరి దాపున కటారుపల్లెలో సమాధి ఉన్నదని చెప్పుకొనే వేమన, చిత్తశుద్ధి లేని పూజను ఎంత ఎగతాళి చేసినాడో బడిపిల్లలకు సైతము తెలుసును.

దారిలో ఆయనకు ఒక కతోలిక క్రైస్తవుడు కలిసి, రెండు తెలుగు పుస్తకములు ఇచ్చినాడు. ఇందులో వింత లేదు. 18వ శతాబ్దిలో ఫ్రెంచి జెసూటు గురువులు పుంగనూరు మొదలైన చోట్ల తెలుగు నేర్చి బోధించినారు. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' అను క్రైస్తవ కావ్యము రచించినాడు. (ఆ ఆనందుడు వేరు, ఈ ఆనందుడు వేరు.) ఆ పుస్తకములు చదివి, కతోలికుల వద్ద నేర్చుకొని, పిమ్మట ఆయన తరంగంబాడిలోని ప్రొటెస్టంటు మిషనరీలను చేరినాడు.

ఆయనకు అక్కడ దొరికినదేమి? నాకు తోచినది చెప్పుతాను. జపములో ఆయనే జమ వేయువాడు, ఆయనే నిలువ చూచుకొనువాడు. ఎంత వేసినా చాలినదని చెప్పువాడు లేడు. సువార్తలో బాకీ తీర్చినవాడు మరొకడు. రోమీయులకు, ఎఫెసీయులకు పౌలు వ్రాసిన పత్రికల సారమిదే. యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయము పదమూడవ వచనము ఇంకొక అడుగు వేసి, విశ్వసించినవారు తమకు నిత్యజీవము కలదని తెలిసికొనుటకే ఈ వ్రాత అంటుంది. అనగా నిశ్చయమునకు ఆధారము మన ఖాతా కాదు.

కాని లెక్క అంత సులభముగా వదలదు. గత శతాబ్దిలో భక్తసింగు గారి పరిచర్య తెలుగునాట పేరుకు మాత్రమే క్రైస్తవులైన వారిని నిద్ర లేపినది. ఆ మేలు కాదనరాదు. అయితే కొన్ని కూటములలో ఇప్పుడు "ఏ తేదీన రక్షింపబడితివి?" అని నిలదీస్తారు. తేదీ చెప్పలేని ముసలమ్మ తల వంచుకొని ఇంటికి పోతుంది. ఇది నాలుగు లక్షలకు బదులు ఒక తేదీని పెట్టుటయే. తేదీ ఉన్నవారి సంగతి చూడండి. జాన్ వెస్లీకి 1738 మే 24 రాత్రి సుమారు తొమ్మిదికి పావు గంట ముందు హృదయము వెచ్చనైనది. గడియారముతో సహా వ్రాసి పెట్టుకొన్నాడు. ఎనిమిది నెలలైనా కాకమునుపే, 1739 జనవరిలో, తాను క్రైస్తవుడను కానని తన దినచర్యలో వ్రాసికొన్నాడు. ఆ మీద యాబది రెండేండ్లు బోధించి 1791లో కన్నుమూసినాడు.

తెలుగులో మోక్షము అనక రక్షణ అనుట నాకు నచ్చుతుంది. మోక్షము విడుదల, అందులో విడిపించినవాడు కనబడనక్కరలేదు. రక్షణ అనగానే రక్షించినవాడొకడు ఎదుట నిలుస్తాడు. బావిలో పడిన బిడ్డకు తన్ను పైకి తీసిన చెయ్యి తెలుసును, గంట ఎంతైనదో తెలియదు.

ఆనందరాయరు పిమ్మట విశాఖపట్టణము చేరినాడు. లండను మిషనరీ సంఘము పక్షాన 1805లో అక్కడికి వచ్చిన జార్జి క్రాను, అగస్టసు దేగ్రాంజి సువార్తలను తెలుగు చేయుచుండగా వారికి తోడ్పడినాడు. క్రాను 1809లో, దేగ్రాంజి 1810లో మరణించినారు. ఆ 1810లోనే అదే సంఘపు జాన్ హాండ్సు బళ్ళారి చేరినాడు. మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరములు 1882 వరకు ఆ బళ్ళారి జిల్లాలోనివే. అంతకు ముందు షుల్జి చేసిన తెలుగు అనువాదము అచ్చుకు నోచుకోలేదు. విశాఖలో సిద్ధమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. జపమాల త్రిప్పిన మనిషి శ్రమ ఆ మూడు సువార్తల తెలుగులో కలిసి ఉన్నది.