అదవాని జాగీరుదారు బసాలత్ జంగ్: సామంతాధికారపు హద్దులు

నిజాం అలీఖాన్ సోదరుడైన బసాలత్ జంగ్ అదవాని జాగీరుదారు. అతని అధికార స్వరూపాన్ని దుర్గబలం కన్న గుంటూరు సర్కారు ఉదంతమే స్పష్టపరుస్తుంది. 1768 నాటి ఒడంబడిక ఆ సర్కారును అతని జీవితకాలం వరకు అతనికే విడిచిపెట్టింది. 1779లో అతడు దానిని మద్రాసు ఆంగ్లేయులకు కౌలుకిచ్చి, తన కొలువులోని ఫ్రెంచి సేనను తొలగించడానికి సమ్మతించాడు. తన ప్రమేయం లేకుండా కుదిరిన ఈ ఒప్పందానికి నిజాం ఆగ్రహించాడు. అదవానికి బయలుదేరిన ఆంగ్ల సేనను హైదరలీ దారిలోనే అడ్డగించాడు. 1780లో కంపెనీ గుంటూరును తిరిగి ఇచ్చివేసింది. 1782లో బసాలత్ జంగ్ మరణించాడు. 1786లో టిప్పు సుల్తాన్ అదవానిని పట్టుకొని కోటను పడగొట్టించాడు. సామంతునికి భూమిపై హక్కు ఉన్నదే గాని, దానిని వినియోగించి స్వతంత్రంగా రక్షణ సమకూర్చుకొనే వీలు లేదని ఈ పరిణామక్రమం నిరూపిస్తున్నది.