రాత్రి షిఫ్టు ఇంట్లో టీవీ

మందమర్రిలో ఎవరైనా టీవీ కొనబోతూ సలహా అడిగితే నేను తిరిగి అడిగే మొదటి మాట ఒకటే: "ఇంట్ల ఎవరిది ఏ షిఫ్టు?" ధర, కంపెనీ, అంగుళాలు ఆ తర్వాత మాట్లాడుకుంటాం. మూడు షిఫ్టుల మీద బతికిన బొగ్గుబాయిల ఊరు మాది. పొద్దున ఏడింటికి బాయి దిగేవాళ్లు కొందరు, మధ్యాహ్నం మూడింటికి కొందరు, రాత్రి పదకొండింటికి కొందరు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి తానం చేసి, ఇంత తిని, తొమ్మిదింటికి పడుకుంటాడు. సింగరేణి కంపెనీ క్వార్టర్‌లో ఆయన పడుకునే గదికీ టీవీ ఉండే గదికీ మధ్య ఉండేది ఒక గోడ, ఒక తలుపు. ఆ తలుపు కూడా ఎండాకాలం గాలి కోసం తెరిచే ఉంటుంది. మా దగ్గర టీవీల చరిత్రను నేను ఆ నిద్ర వైపు నుంచే చూశాను.

మా బాపు కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ పట్టుకొని బొగ్గు టబ్బులు నింపిన మనిషి. నేను బాయిలోకి పోలేదు. రేడియో రిపేరు నేర్చుకొని మార్కెట్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నాను. అప్పట్లో రేడియోకైనా టీవీకైనా పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టాలి. రేడియో లైసెన్సు పుస్తకాలు వాడలో చాలా ఇళ్లలో ఉండేవి. టీవీ లైసెన్సు అవసరమే రాలేదు, బొమ్మ మా దాకా వస్తే కదా. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది కానీ మేమున్నది అక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్ల దూరంలో. అంతకు రెండేళ్ల ముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో దేశంలోని 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి చూపించిన ప్రయోగం ఒకటి జరిగింది. తెలంగాణలో మెదక్, మహబూబ్‌నగర్ వైపు పల్లెలకు ఆ భాగ్యం దక్కింది. ఉత్తరాన గోదావరి దాటి ఉన్న మా బొగ్గుబాయిలకు దక్కలేదు.

మా వైపు గాలి తిరిగింది ఇన్సాట్-1బి ఉపగ్రహం వల్ల. 1983 ఆగస్టులో దాన్ని పైకి పంపారు. మరుసటి ఏడు దేశమంతా రోజుకొకటి చొప్పున రిలే కేంద్రాలు తెరిచిన కాలం ఒకటుంది. అప్పుడు పెట్టినవాటిలో ఎక్కువ వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు. ఉపగ్రహం నుంచి పట్టుకొని చుట్టూ ఇరవై, పాతిక కిలోమీటర్లకు అందించేవి. ఆ గీత లోపలున్న ఊరికి ఒక రకం యాంటెనా, గీత అంచున ఉన్న ఊరికి ఇంకో రకం. మేం అంచు మనుషులం. అందుకే మా దగ్గర టీవీ ధరతో పాటు యాంటెనా ఖర్చును, బూస్టర్ ఖర్చును కలిపి లెక్క చెప్పాల్సి వచ్చేది. ఆ యాంటెనాకు వెనుక ఒక రిఫ్లెక్టర్ గొట్టం, దాని ముందు వైరు తగిలించే డైపోల్, ఆ ముందర వరసగా చిన్న గొట్టాలు. చిన్న గొట్టాలు ఎన్ని ఎక్కువైతే ఒకే దిక్కు నుంచి అంత గట్టిగా పట్టుకుంటుంది, కానీ దిక్కు కొంచెం తప్పినా చేతికి రాదు. క్వార్టర్ పైకప్పు మీద బరువు మోపడానికి భయపడి, పెరట్లో వెదురు బొంగు పాతి కట్టేవాళ్లం. బొగ్గు బంకరు దగ్గరి వాడల్లో ఆ ఇనుముకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్‌తో బొమ్మ పక్కన ఇంకో నీడబొమ్మ పడేది. అలాంటి ఇంట్లో ఎంత ఖరీదైన సెట్టు పెట్టినా ఇద్దరు మనుషులే కనపడేవాళ్లు. యాంటెనాను బంకరుకు అడ్డంగా ఇంటి చాటుకు దించితే ఒక్కరయ్యేవాళ్లు. కొనే ముందు ఇల్లు చూసి రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

సెట్లలో అప్పుడు మావాళ్లు నమ్మిన పేరు ఈసీ టీవీ. అది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ చేసింది. 1967లో అణుశక్తి శాఖ కింద పుట్టిన ఆ సంస్థను నిలబెట్టినవారు అయ్యగారి సాంబశివరావు, ఏఎస్ రావుగా అందరికీ తెలిసినవారు. అణు రియాక్టర్లకు పరికరాలు చేసేవాళ్లు ఇంట్లో పెట్టుకునే టీవీ కూడా చేస్తున్నారంటే సింగరేణి కార్మికుడికి గౌరవం కలిగేది. తానూ సర్కారు కంపెనీ మనిషే కదా. మద్రాసు నుంచి సాలిడేర్, డయనోరా వచ్చేవి. కట్టె పెట్టె, ముందు పక్కలకు జరిగే షట్టర్ తలుపులు. కొనేవాళ్లు తలుపులు చూసి మురిసేవాళ్లు, నేను మాత్రం పెట్టె కట్టెను వేలితో కొట్టి చూసేవాణ్ని. మందపు కట్టె పెట్టెలో పెద్ద స్పీకరుంటే చిన్న సప్పుడులోనూ మాట స్పష్టంగా వినపడుతుంది. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ పెట్టెల్లో మాట అర్థం కావాలంటే సప్పుడు పెంచాలి, పెంచితే లోపలి గదిలో మనిషి లేస్తాడు. మా దుకాణానికి వచ్చిన ఒక అక్క మాట ఇప్పటికీ గుర్తుంది: "తమ్మీ, సప్పుడు తక్కువ పెట్టినా మంచిగ ఇనొచ్చేది జూసి ఇప్పియ్యి. నిద్ర చెడితే మీ బావ ఇల్లు పీకి పందిరేస్తడు." ఆ బావ కోపిష్టి కాదు. నిద్ర చాలక బాయిలో దిగిన మనిషికి, పైకప్పు పెచ్చు ఊడే ముందు వచ్చే చిన్న చిటపట వినపడకపోతే ఏమవుతుందో ఆ అక్కకు తెలుసు.

టీవీ ఒక ఇంటికి వచ్చేది కానీ చూసేది వరస క్వార్టర్లన్నీ. అందుకని ఎంపికలోనూ అందరికీ నోరుండేది. చిట్టీ పాడి డబ్బు ఎత్తేది ఒకరైతే, మంచిర్యాలకు పోయి బేరం చేసేటప్పుడు వెంట నలుగురు ఉండేవాళ్లు. పద్నాలుగు అంగుళాలది చౌక, కానీ గుమ్మం దాటి అరుగు మీద కూర్చున్నవాళ్లకు కనపడదు. ఇరవై అంగుళాలదే కావాలనేవాళ్లు. కొందరు మిత్తికి తెచ్చి మరీ ఆ తేడా కట్టారు. ఇరుగుపొరుగు కోసం అప్పు చేయడం తప్పని ఇప్పటివాళ్లు అంటారు. నాకు అట్లా అనిపించదు. బాయిలో ప్రమాదం జరిగితే ముందు పరుగెత్తుకొచ్చేది ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లే.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. మిగతా దేశానికి ఆదివారం సెలవు. మాకు ఆదివారం ప్లే డే. ఆ రోజు డ్యూటీ పడితే రెండింతల జీతం, అది అందరికీ పడదు. ఆ డ్యూటీలో తమ పేరు కోసం ఎదురుచూసే మనుషులు ఫస్ట్ షిఫ్టు ప్లే డే పడిందని తెలిసి తటపటాయించడం అప్పుడే చూశాను. ఆ డబ్బు వదులుకొని ఇంట్లో ఉన్నవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. సంవత్సరం పొడుగునా పిల్లలు మేలుకున్నప్పుడు ఇంట్లో లేని మనిషి, ఆ గంటన్నా వాళ్ల పక్కన కూర్చోవాలనుకున్నాడు. శనివారం రాత్రి షిఫ్టు దిగినవాళ్ల పరిస్థితి ఇంకోటి. ఏడింటికి పైకి వచ్చి, ఇంటికి చేరి, నిద్ర ఆపుకొని కూర్చునేవాళ్లు. ఎంత కడుక్కున్నా బొగ్గు కంటి రెప్పల వెంట్రుకల మొదట్లో మిగులుతుంది. కాటుక పెట్టుకున్నట్టున్న ఆ కళ్లు తెరకేసి చూస్తుంటే, వాడలో హిందీ తెలిసినవాళ్లు మధ్య మధ్య అర్థం చెబుతుండేవాళ్లు. మొదట్లో మాకు వచ్చింది ఎక్కువ ఢిల్లీ హిందీయే. హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివింది 1983 నవంబరు 14న. ఆయన వార్తలను బట్టీపట్టి, కెమెరా కేసి చూస్తూ చెప్పేవారట. ఆ గొంతు మా దాకా వచ్చాక బాపుకు ఎంత నచ్చిందంటే, సెకండ్ షిఫ్టు లేని వారాల్లో వార్తలు అయ్యేదాకా అన్నం ముట్టేవాడు కాదు.

రిపేరు చేసేవాడిగా నాకు తెలిసిన ఇంకో సంగతి చెప్పాలి. పాత పిక్చర్ ట్యూబు వెనుక వేల ఓల్టుల కరెంటు ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో పది వేల పైన, కలర్‌లో ఇరవై వేల పైన. అంత ఓల్టేజీ గాలిలోని దుమ్మును తనవైపు లాక్కుంటుంది. ఏ ఊర్లోనైనా లాగుతుంది, మా ఊర్లో లాగేది బొగ్గుదుమ్మును. బొగ్గుదుమ్ము మీద వానాకాలం చెమ్మ పట్టిందంటే ట్యూబు పక్కన నీలంగా మిరుగులు లేస్తాయి, చిటచిటమంటుంది, తెర ముడుచుకుంటుంది. వానలు పడకముందే వెనుక మూత తీసి, కరెంటు నిల్వ దించి, బ్రష్షుతో తుడిపించుకొమ్మని ఇంటింటికీ చెప్పేవాణ్ని. సెట్టు ఎంచేటప్పుడు కూడా వెనుక మూతకు గాలి సందులు ఎక్కడున్నాయో చూసేవాణ్ని. పైన సందులుంటే దుమ్ము నేరుగా పడుతుంది, పక్కల ఉంటే కొంత నయం.

కేబుల్ వచ్చాక యాంటెనా బొంగులు బట్టలారేసే దండేలకు పనికొచ్చాయి. 1995లో జెమిని, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ. అప్పటిదాకా ఒక్క ఛానెల్‌కు తిప్పి పెట్టుకున్న పాత సెట్లు అన్ని ఛానెళ్లు పట్టుకోలేక కలర్ టీవీలకు దారిచ్చాయి. పాతవి బంధువుల పల్లెలకు వెళ్లాయి. 1999–2000 నుంచి కంపెనీ లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది, అప్పుడది పది శాతం. దసరాకు ముందు లాభాల వాటా, దీపావళికి ముందు బోనస్. ఈ రెంటి నడుమే మంచిర్యాల దుకాణాల్లో టీవీలు కదిలేవి. ఇప్పటికీ అంతే.

కానీ చూసే మనుషులు మారారు. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఉద్యోగం దిగిపోయినవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఇంటికో కిరాయి ఇంటికో మారతారు. క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లు కరెంటు బిల్లు చూడని మనుషులు అప్పుడే టీవీ ఎన్ని వాట్లు తింటుందని అడగడం మొదలుపెడతారు. వాళ్లకు 32 అంగుళాల ఎల్ఈడీ చాలు. పాత 21 అంగుళాల కలర్ టీవీ తిన్నదాంట్లో సగం వరకే తింటుంది. ఇంకో మార్పు నన్ను బాధపెట్టేది. డ్రిల్లు, కట్టింగ్ మెషిన్, ఫ్యాన్ల మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు చెవులు దెబ్బతింటాయి. గని చట్టం కింద ఈ చెవుడును వృత్తివ్యాధిగా గుర్తించారు. ఒకప్పుడు సప్పుడు తక్కువుండాలని అడిగించుకున్న మనిషే, ఇప్పుడు వీధి చివరి దాకా వినపడేంత సప్పుడు పెడతాడు. ఆ ఇంట్లో కొడుకుది రాత్రి షిఫ్టు. పల్చని ఎల్ఈడీలకు స్పీకర్లు వెనుకకో కిందికో తిరిగి ఉంటాయి, గోడకు బిగిస్తే మాట ఇంకా ముద్దవుతుంది. పెద్దాయన ఇంకా పెంచుతాడు.

2025లో సింగరేణి లాభాల వాటా 34 శాతంగా ప్రకటించింది. అదే ఏడు సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దసరా అక్టోబరు 2న. సెకండ్ జోన్ వాడ నుంచి ఒక పిల్లగాడు వాళ్ల బాపును వెంటబెట్టుకొని వచ్చాడు, 55 అంగుళాలది కొంటానని. గదిలో గోడకూ మంచానికీ ఎంత దూరమని అడిగాను. ఆరడుగులు. తెర అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చవేస్తే కూర్చోవాల్సిన దూరం అంగుళాల్లో వస్తుంది. 43కు అయిదున్నర అడుగులు సరిపోతాయి, 55కు ఏడడుగులు కావాలి. పైగా ఆ ఇంట్లో వచ్చేది కేబుల్. కేబుల్‌లో చాలా తెలుగు ఛానెళ్లు ఇంకా పాత నాణ్యతవే. పెద్ద 4కే తెర మీద అవి మసకగా సాగుతాయి.

"మీ బాపుకు ఇనొస్తదా?" అని అడిగాను.

"ఎడమ చెవి అస్సలే ఇనరాదు, అన్నా. నాకేమో ఈ వారం నైట్ షిఫ్టు."

మంచిర్యాలకు ముగ్గురం కలిసి వెళ్లాం. 43 అంగుళాల సెట్లు నాలుగు తీయించి, ఒక్కోదానికి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిపి చూశాం. చాలా సెట్లలో హెడ్‌ఫోన్ కలపగానే స్పీకరు మూగబోతుంది. పెద్దాయన వింటే ఇంట్లో ఆడవాళ్లకు వినపడదు. రెండూ ఒకేసారి పలికే సెట్టు కావాలి, రెంటికీ సప్పుడు విడివిడిగా పెట్టుకునే వీలుండాలి. దుకాణం పిల్లగాడికి మెనూలో అది ఎక్కడుందో తెలియక ఫోన్ చేసి కనుక్కున్నాడు. మూడో సెట్టులో దొరికింది. పెద్దాయనకు హెడ్‌ఫోన్ తగిలించి, స్పీకరు అయిదుకు దించి, వార్తలు పెట్టించాను. ఆయన తలూపి, "గిదే ఇయ్యుమను" అన్నాడు.