కొఱ్ఱబయలు అడవినాభి

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు కనుమదారిలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగిని కొఱ్ఱబయలనియు పిలుతురు. రాత్రివేళ ఆరుబయట నిలిచినవాడు కొయ్యవలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. పుష్యమాసపు చలికై వచ్చు యాత్రికునకు, వానకాలమున తూర్పుకనుమల పొదలపై ప్రాకి పూచు అడవినాభి కంటబడదు. దాని ఆకుకొనయే నులితీగయై కొమ్మను చుట్టుకొనును. ఆరు రేకులును వెనుకకు విరిగి, పసుపున మొదలై ఎరుపున ముగియు జ్వాలవలె నిలుచుటచే అగ్నిశిఖ యనియు, దుంప నాగలివలె వంగియుండుటచే లాంగలి యనియు సంస్కృత నామములు. ఆయుర్వేదులు దానిని ఉపవిషములలో చేర్చిరి. ఆ లెక్క తప్పుకాదు. తినదగు దుంపయని భ్రమించి దీనిని తిని ప్రాణములు గోల్పోయినవారు దక్షిణదేశమున పెక్కుమంది.

ఆ విషము పేరు కోల్చిసిన్. ఐరోపా కోల్చికం దుంపను ఆరవ శతాబ్దిలోనే ట్రాలెస్ నగరపు అలెగ్జాండర్ కీళ్లనొప్పులకు వాడెను. 1820లో పెల్తియే, కవాంతూ అను ఫ్రెంచి రసాయనికులు దాని సారమును వేరుచేసిరి. మన అగ్నిశిఖయందును అదియే కలదని 1915లో తేలినది.

అది చేయు పని విచిత్రము. వాతరక్తమున బొటనవ్రేలి కీలులో యూరికామ్లపు స్ఫటికములు చేరగా, వానిపై రక్తములోని తెల్లకణములు దండెత్తి వచ్చి, వాపును మంటను రేపును. ఆ కణములు నాళపు గోడను దూరి వెలికి వచ్చుటను 1867లో కోన్‌హైమ్ కప్ప శరీరమునందు సూక్ష్మదర్శినితో చూచి వర్ణించెను. కోల్చిసిన్ కణము లోపలి సన్నని గొట్టముల నిర్మాణమును చెడగొట్టును. పట్టుదప్పిన కణము కీలులోనికి ప్రాకలేదు. స్ఫటికములు మాత్రము ఉన్నచోటనే యుండును! 1922లో దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళము పొంచియుండి సర్కారు సేనను ఇరుకుదారిలోనే అడ్డగించిన ఉదంతము నెరిగిన ఈ ప్రాంతమువారికి ఈ యుక్తి క్రొత్తది కాబోదు.

దారి మూయుట యందు ప్రమాదమును లేకపోలేదు. తెల్లకణములు మెదడులోనికి పోకుండ ఆపు నటాలిజుమాబ్ అను మందు 2004లో అమెరికాలో అనుమతి పొంది, కావలి తగ్గిన మెదడున వైరసు విజృంభించుటచే మరుసటి ఏడే అంగడినుండి తొలగి, 2006లో కట్టుబాట్లతో మరల వచ్చినది. పాత కోల్చిసిన్ మాత్రము 2023లో అచటనే 0.5 మిల్లీగ్రాముల మాత్రగా గుండెజబ్బు చికిత్సలోనికి ప్రవేశించినది.

తమిళనాట రైతులు ఈ తీగకు పందిరి కట్టి, గింజలను విదేశములకు అమ్ముదురు. ఇచట అది తనంత తానే మొలచును. చలికాలమున యాత్రికుల కార్లు ఘాటు ఎక్కునాటికి తీగ ఎండిపోయి, దుంప మాత్రము నేలలో నిద్రించుచుండును.