షిన్‌రిన్ యోకు

షిన్‌రిన్ యోకు, అంటే వనస్నానం, మనసు కుదుటపడటానికి అడవికి వెళ్లి చెట్ల మధ్య నింపాదిగా గడిపే జపాన్ పద్ధతి. ఇది బౌద్ధ సన్యాసుల కాలం నాటిదని చాలామంది నమ్ముతారు. నిజానికి ఇది 1982లో పుట్టిన ప్రభుత్వ కార్యక్రమం. ఆ పేరు పెట్టినవారు అప్పటి అటవీ సంస్థ అధిపతి తొమొహిదే అకియామా.

జపాన్ నేలలో మూడింట రెండు వంతులు అడవే. 1964లో కలప దిగుమతులకు తలుపులు తెరిచాక విదేశీ దుంగల ధాటికి స్థానిక కలపకు గిరాకీ తగ్గింది. నగరాల్లో ఉద్యోగులేమో పని భారంతో నలిగిపోతున్నారు. నరకకుండానే అడవిని జనానికి ఉపయోగపడేలా చేయాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

తొలి వనస్నానం నగానో రాష్ట్రం కిసో లోయలోని అకసావా అడవిలో జరిగింది. అక్కడి హినోకి చెట్ల వయసు దాదాపు 300 ఏళ్లు. సైప్రస్ జాతికి చెందిన వీటి కలపతో 20 ఏళ్లకోసారి ఇసే ఆలయాన్ని కొత్తగా కడతారు. విచ్చలవిడి నరుకుడుతో ఈ లోయ బోసిపోయినప్పుడు, అప్పట్లో దీన్ని ఏలిన ఓవారి ప్రభువులు చెట్టుకొట్టినవాడి తల తీయిస్తామని శాసించారు. ఈనాడు ఊరట కోసం వచ్చేవారికి నీడనిస్తున్నది అంత కఠినమైన చట్టం కాపాడిన అడవే. ఒకప్పుడు దుంగలు మోసిన చిన్న రైలుమార్గం మీద ఇప్పుడు సందర్శకులు తిరుగుతారు.

శాస్త్రం తరవాత వచ్చింది. 1990లో పరిశోధకుడు యోషిఫుమి మియజాకి యకుషిమా ద్వీపంలో తొలి పరీక్షలు చేశారు. ఆపై ఆయన బృందం 24 అడవుల్లో 280 మంది యువకులను పరిశీలించింది. సగం మంది అడవికి, సగం మంది నగరానికి, మర్నాడు తారుమారు. పావుగంట నడక, పావుగంట కుర్చీలో కూర్చుని చూడటం, అంతే. అడవిలో ఉన్నప్పుడు లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, నాడి వేగం, రక్తపోటు తగ్గాయి. 2010లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. టోక్యో ఉద్యోగులను మూడు రోజులు అడవికి తీసుకెళ్లిన మరో పరిశోధకుడు చింగ్ లీ, వారిలో రోగనిరోధక కణాల చురుకుదనం పెరిగిందని 2007లో ప్రకటించారు.

అయితే లీ పరీక్షించింది 12 మందినే. పైగా తాము అడవిలో ఉన్నామన్న సంగతి పాల్గొన్నవారికి తెలియకుండా దాచలేం కనుక, చెట్ల ప్రభావమెంతో, సెలవు దొరికిన సంతోషమెంతో విడదీయడం కష్టం. తీవ్రమైన కుంగుబాటుకు వైద్యం మాని అడవిబాట పట్టమనడానికి ఈ ఆధారాలు చాలవు. అలసిన మనసుకు మాత్రం ఇంత ఖర్చు తక్కువ ప్రయాణం మరొకటి అరుదు.

2006 నుంచి జపాన్‌లో పరీక్షించిన అడవులకు చికిత్సా వనాలుగా గుర్తింపు ఇస్తున్నారు. దక్షిణ కొరియా ఇంకో అడుగు ముందుకేసి 2015లో అటవీ సంక్షేమానికి చట్టమే చేసింది. ఘోరాలు చూసి కలత చెందిన అగ్నిమాపక సిబ్బందికి అక్కడి వనాల్లో ఉచిత శిబిరాలు నడిపారు.