వైద్య మండలి విచారణ: వైద్యునికి గల చట్టబద్ధ రక్షణలు

(సమాచార వ్యాసం)

బెళుగుప్ప: అనంతపురం జిల్లాలో తరచూ వర్షాభావానికి గురయ్యే మెట్ట మండలాలలో బెళుగుప్ప ఒకటి. ఇక్కడి వేరుశనగ రైతు కుటుంబాలకు ప్రాణం మీదికి వస్తే కల్యాణదుర్గమో, ఉరవకొండో, అనంతపురమో చేరవలసి ఉంటుంది. రోగి దక్కని పక్షంలో మొదట చూసిన వైద్యునిపై ఫిర్యాదు రావడం జరుగుతుంది. రిజిస్ట్రేషన్ రద్దయితే వైద్యునికి జీవనాధారం, గ్రామాలకు వైద్య సేవ దూరమవుతాయి. నిజమైన ఫిర్యాదును త్రోసిపుచ్చితే బాధిత కుటుంబానికి న్యాయం దక్కదు. కావున విచారణ క్రమాన్ని ఉభయులూ తెలుసుకొనుట అవసరం.

ప్రభుత్వాసుపత్రికి ప్రత్యేకత

అందరికీ పూర్తి ఉచితంగా అందే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన చికిత్సపై ప్రధానంగా రాష్ట్ర వైద్య మండలి, శాఖాపరమైన విచారణ, పోలీసు కేసు అనే మార్గాలు మిగులుతాయి. ఇవి వేర్వేరు. ఒకదానిలో ఊరట లభించినంత మాత్రాన మరొకటి దానంతట అదే ముగియదు.

విచారణ క్రమం

వైద్యుల వృత్తి ప్రవర్తనకు 2002 నాటి నిబంధనలు వర్తిస్తున్నాయి. 2023 ఆగస్టులో ప్రకటించిన కొత్త నిబంధనలను జాతీయ వైద్య కమిషన్ అదే నెలలో నిలిపివేసింది. 2002 నిబంధనల ప్రకారం వైద్యుడు స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని తన వాదన వినిపించవచ్చు. ఫిర్యాదుపై 6 నెలలలో నిర్ణయం వెలువడాలి. విచారణ సాగుతుండగా వివాదాస్పద చికిత్సను చేయరాదని ఆదేశించే అధికారం మండలికి ఉంది. దోషిగా తేలితే పేరును కొంతకాలం లేదా శాశ్వతంగా రిజిస్టరు నుంచి తొలగించవచ్చు. తొలగింపును స్థానిక పత్రికలలో ప్రకటించాలన్న నియమం పాత్రికేయులు గమనించదగినది.

శాఖాపరమైన విచారణలో ఈ వెసులుబాటు పరిమితం. 1991 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసుల నియమావళి మేరకు ఉద్యోగి సాధారణంగా తోటి ఉద్యోగి సహాయమే పొందగలడు. ప్రత్యేక సందర్భాలలోనే న్యాయవాదిని అనుమతిస్తారు.

అప్పీలు

జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 30వ సెక్షన్ ప్రకారం మండలి నిర్ణయంపై వైద్యుడు నైతిక, వైద్య నమోదు బోర్డుకు, బోర్డు నిర్ణయంపై 60 రోజులలో కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈ సెక్షన్ ఫిర్యాదుదారుని అప్పీలును ప్రస్తావించలేదు.

క్రిమినల్ కేసులు

వైద్యునిపై నిర్లక్ష్యం కేసులో ముందుకు సాగేముందు పోలీసులు స్వతంత్ర వైద్య నిపుణుని అభిప్రాయం తీసుకోవాలని, యాంత్రికంగా అరెస్టు చేయరాదని జేకబ్ మాథ్యూ కేసులో 2005 ఆగస్టు 5న సుప్రీంకోర్టు నిర్దేశించింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం, చికిత్సలో నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ వైద్యునికి 2 సంవత్సరాల వరకు జైలు శిక్ష, జరిమానా విధించవచ్చు.

రికార్డే రక్ష

ఏ విచారణలోనైనా వైద్యునికి తొలి ఆధారం నాటి కేస్ షీటే. ఇన్‌పేషెంట్ల రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలని, కోరిన రోగికి 72 గంటలలో ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. రోగి వచ్చిన వేళ, అప్పటి పరిస్థితి, ఇచ్చిన మందులు, పెద్దాసుపత్రికి పంపిన సమయం, బంధువులకు చెప్పిన విషయం అప్పటికప్పుడు నమోదు చేయాలి. ఆ వివరాలే లేనప్పుడు న్యాయవాది ఎంత సమర్థుడైనా వాదనకు బలం చేకూరదు. తరువాత దిద్దిన రికార్డు రక్షణ కాకపోగా అదనపు ఆరోపణకు తావిస్తుంది.

ఉచిత న్యాయ సహాయం

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కోర్టులతో పాటు అర్ధ న్యాయాధికారం గల సంస్థల ఎదుట జరిగే విచారణలూ చట్ట నిర్వచనంలో చేరి ఉన్నాయి. అర్హత గల నర్సుగాని, ఫిర్యాదు చేసిన తల్లిగాని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు.